అనునాదం ఒకే వేగం దగ్గర ఆగదు: జల్లెడ యంత్రాల డ్రైవ్ సెట్టింగుల గురించి

సంపాదకులకు నమస్కారం.

రైస్ మిల్లుల్లో జల్లెడ యంత్రాల అదురు గురించి మీ జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాం. ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరకముందే ఈ విషయం ఎత్తుకోవడం బాగుంది. అయితే అందులో మిల్లు వాళ్లకు ఇచ్చిన సలహా ఒకటి నష్టం చేసేలా ఉంది. యంత్రం ఆపి ఉన్నప్పుడు చెక్కసుత్తితో తట్టి, ఫోనులో సహజ పౌనఃపున్యం (యంత్రం తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న అంకె) చూసుకుని, ఆ అంకెకు అటూ ఇటూ కాస్త వదిలి, మోటారు వేగాన్ని మార్చే పరికరమైన డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీ (మోటారు నిలకడగా నడవకూడని నిషేధ పరిధి) పెట్టుకుంటే సరిపోతుందని రాశారు. సరిపోదు. తట్టి చూస్తే తెలిసేది చిన్న ఊపుకు సంబంధించిన అంకె. యంత్రాన్ని విరగ్గొట్టేది పెద్ద ఊపు. రబ్బరు దిమ్మల మీద కూర్చున్న యంత్రంలో ఆ రెండు అంకెలూ ఒకటి కావు.

ఇంటర్ భౌతికశాస్త్రంలో డోలనాల పాఠం చదివిన వాళ్లందరికీ అనునాదం బొమ్మ గుర్తుంటుంది. ఊపే వేగం సహజ పౌనఃపున్యానికి దగ్గరైతే ఊపు బాగా పెరగడమే అనునాదం. మధ్యలో నిటారుగా ఒక శిఖరం, రెండు పక్కలా సమానంగా దిగే వాలు. స్ప్రింగు చాపిన కొద్దీ బలం సరిగ్గా అదే నిష్పత్తిలో పెరిగితేనే ఆ బొమ్మ నిజం. లోలకం కూడా ఈ నియమాన్ని చిన్న ఊపులకే పాటిస్తుంది. మీటరు పొడవు లోలకం చిన్నగా ఊగితే ఒక డోలనానికి 2 సెకన్లు. నిలువు నుంచి 30 డిగ్రీల దాకా ఊగితే 1.7 శాతం, 60 డిగ్రీల దాకా ఊగితే 7.3 శాతం, 90 డిగ్రీల దాకా అయితే 18 శాతం ఎక్కువ పడుతుంది. అంటే ఊపు పెరిగేకొద్దీ దాని పౌనఃపున్యం తగ్గుతుంది. బిగించిన తీగ దీనికి విరుద్ధం. బొబ్బిలి వీణ తీగను గట్టిగా మీటితే మొదటి క్షణంలో శ్రుతి కొంచెం పైకి పలికి, ఊపు తగ్గుతుండగా అసలు శ్రుతికి దిగుతుంది. ఊగేటప్పుడు తీగ సాగుతుంది, బిగువు పెరుగుతుంది, దానితోపాటు పౌనఃపున్యమూ పెరుగుతుంది. మొదటి రకాన్ని మెత్తబడే వ్యవస్థ అనీ, రెండో రకాన్ని గట్టిపడే వ్యవస్థ అనీ అంటారు. రెండింటికీ కలిపి అరేఖీయ డోలకాలని పేరు. జర్మన్ ఇంజనీరు జార్జ్ డఫింగ్ 1918లో వీటి బలాత్కృత డోలనాల మీద చేసిన పని ఇప్పటికీ ఇంజనీర్లకు ఆధారం.

గట్టిపడే వ్యవస్థలో ఆ శిఖరం నిటారుగా నిలబడదు, ఎక్కువ వేగం వైపు వంగిపోతుంది. బాగా వంగితే కొన్ని వేగాల దగ్గర ఒకే వేగానికి రెండు ఊపులు సాధ్యమవుతాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మోటారు అదే, వేగం అదే, బరువులు అవే. ఏ ఊపులో ఉంటుందన్నది యంత్రం ఆ వేగానికి కింది నుంచి వచ్చిందా, పై నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ వ్యాసంలో లేనిది ఇదే.

అంకెలతో చూద్దాం. వైబ్రో మోటారు (ఇరుసుకు ఒక పక్కన బిగించిన ఎక్సెంట్రిక్ బరువులతో ఊపే మోటారు) ఉన్న ఒక జల్లెడ, నాలుగు మూలలా రబ్బరు దిమ్మలు. తట్టి చూస్తే 5 హెర్ట్జ్ వచ్చిందనుకుందాం, అంటే నిమిషానికి 300 సార్లు. ఊపు మధ్య నుంచి ఒక పక్కకు 10 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు, మామూలు స్ప్రింగు బలానికి అదనంగా రబ్బరు నొక్కుకుపోవడం వల్ల మరో 40 శాతం బలం వస్తుందనుకుందాం. అది ఊపు ఘనానికి అనులోమంగా పెరిగే బలం. లెక్క సులువే. ఆ 0.4లో ముప్పాతిక వంతు, అంటే 0.3ను 1కి కలిపి, 1.3కి వర్గమూలం తీయాలి. 1.14 వస్తుంది. కాబట్టి 10 మిల్లీమీటర్ల ఊపు దగ్గర యంత్రం సొంత పౌనఃపున్యం 5 కాదు, 5.7 హెర్ట్జ్, అంటే నిమిషానికి 342.

ఇప్పుడు అవరోధం, అంటే ఊపును అణిచే గుణం, క్రిటికల్ విలువలో (ఊగకుండానే ఆగిపోవడానికి సరిపడే విలువలో) 2 శాతం అనుకుని, వేగాన్ని నెమ్మదిగా పెంచుకుంటూ పోతే ఊపు 300 దగ్గర ఆగదు. 310, 320, 330 దాటినా పెరుగుతూనే ఉంటుంది. 342 దగ్గర 10 మిల్లీమీటర్లకు చేరి, అక్కడ ఒక్కసారిగా ఒకటిన్నర మిల్లీమీటరుకు పడిపోతుంది. తిరిగి పై నుంచి దించుకుంటూ వస్తే 342 దగ్గర ఏమీ జరగదు. చిన్న ఊపుతోనే 320 దాకా దిగి, అక్కడ ఉన్నట్టుండి 4 మిల్లీమీటర్ల నుంచి దాదాపు 8కి ఎగురుతుంది. ఊపే బలం అన్ని వేగాల్లోనూ ఒకటే అనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి ఎక్సెంట్రిక్ బరువుల బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అంకెలు కొంచెం జరుగుతాయి, తీరు మారదు. తట్టి తెచ్చిన 5 హెర్ట్జ్‌ను నమ్మి 4.8 నుంచి 5.2 వరకు నిషేధిస్తే, ప్రమాదం ఉన్న 5.34 నుంచి 5.7 దాకా గేటు బార్లా తెరిచి పెట్టినట్టే.

శిఖరం వంగినంత మాత్రాన ప్రతిసారీ ఎగురుడు ఉండదు. దానికో హద్దుంది. చిన్న ఊపులో కొలిచిన అనునాద శిఖరం వెడల్పు, అంటే ఊపు గరిష్ఠ విలువలో 0.707 వంతు ఉండే రెండు పౌనఃపున్యాల మధ్య దూరం, ముందు తీసుకోవాలి. పెద్ద ఊపులో శిఖరం జరిగే దూరం ఆ వెడల్పులో 0.77 వంతు దాటితే ఎగురుడు మొదలవుతుంది. పై ఉదాహరణలో వెడల్పు 0.2 హెర్ట్జ్, హద్దు 0.15. జరిగింది 0.7. హద్దుకు నాలుగు రెట్లకు పైనే. అవరోధం తక్కువగా ఉన్న యంత్రాల్లో ఈ హద్దు చాలా సులువుగా దాటిపోతుంది.

డ్రైవ్‌లో అంకెలు వేసేటప్పుడు ఇంకో తప్పు మామూలుగా జరుగుతుంది. మీ వ్యాసంలోని పట్టికలోనూ అది కనిపించింది. యంత్రం ఊగే హెర్ట్జ్ వేరు, డ్రైవ్ తెర మీద కనిపించే హెర్ట్జ్ వేరు. నిమిషానికి 960 తిరిగే వైబ్రో మోటారు ఆరు పోల్‌ది. డ్రైవ్ 50 హెర్ట్జ్ ఇస్తే అది 1000కి కాస్త తక్కువగా తిరుగుతుంది, అంటే ఊపు 16 హెర్ట్జ్. ఊపు హెర్ట్జ్‌ను మూడుతో గుణిస్తే డ్రైవ్ హెర్ట్జ్ వస్తుంది, దానికి స్లిప్ (మోటారు డ్రైవ్ లయకు కాస్త వెనకబడే తేడా) కలపాలి. 5.34 నుంచి 5.7 అన్న ఊపు పరిధి డ్రైవ్‌లో 16 నుంచి 17.1. అనునాదం దగ్గర మోటారు మీద భారం ఎక్కువై స్లిప్ పెరుగుతుంది కాబట్టి, రెండు వైపులా వదిలి 15 నుంచి 18.5 వరకు నిషేధించడం మేలు. నాలుగు పోల్ మోటారైతే రెండుతో గుణించాలి. నేరుగా 5 హెర్ట్జ్ అని డ్రైవ్‌లో వేస్తే, మోటారు నిమిషానికి 100 కూడా తిరగని చోట నిషేధం పెట్టినట్టవుతుంది.

స్కిప్ ఫ్రీక్వెన్సీ చేసే పని కూడా చాలామంది అనుకునేది కాదు. డ్రైవ్ ఆ పరిధిని దూకి అవతలికి వెళ్లదు. అందులో నిలబడి నడవనివ్వదు, అంతే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ర్యాంపు వేగంతో, అంటే డ్రైవ్ వేగాన్ని మార్చే రేటుతో, దాని గుండానే పోతుంది. మెత్తగా స్టార్టు చేద్దామని యాక్సిలరేషన్ టైము 40, 60 సెకన్లు పెట్టిన చోట యంత్రానికి పెద్ద ఊపు తెచ్చుకునేంత సమయం దొరుకుతుంది. మోటారు, డ్రైవ్ కరెంటు పరిమితి ఒప్పుకున్నంత వరకు ఈ టైము తగ్గించాలి. ఈ ఒక్క విషయంలో మెత్తదనం మంచిది కాదు.

కొలిచే పద్ధతి చెప్తాం. జల్లెడ ఖాళీగా ఒకసారి, మామూలు ధాన్యం పోసి ఒకసారి చేయాలి, ఎందుకంటే బరువు పెరిగితే అంకెలన్నీ కిందికి జరుగుతాయి. పరీక్ష కోసం మాత్రమే యాక్సిలరేషన్, డిసిలరేషన్ టైములు రెండూ సమానంగా, పెద్దగా పెట్టుకోవాలి. లేదా డ్రైవ్‌ను చేత్తో 0.2 హెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర పదిహేను సెకన్లు ఆగాలి. జల్లెడ పక్క రేకు మీద ఊపు కొలిచే స్టిక్కరు అంటించాలి. మిల్లీమీటర్ల గుర్తులున్న కాగితం ముక్క దానికి చాలు. మోటారు వేగం డ్రైవ్ తెర మీద చూడొద్దు, ట్యాకోమీటరుతో చూడాలి. ఎక్కేటప్పుడు ఊపు ఎక్కడ పడిపోయిందో, దిగేటప్పుడు ఎక్కడ ఎగిరిందో, ఆ వేగాలు రెండూ రాసుకోవాలి. రెండు వైపులా ఒకే చోట వస్తే మీ యంత్రం దాదాపు రేఖీయమే, మీ వ్యాసం చెప్పిన పద్ధతి దానికి పనికొస్తుంది. వేరుగా వస్తే ఆ రెండింటి మధ్యనున్నదంతా నిషేధ పరిధిలో పడాలి. పరీక్ష జరిగేటప్పుడు ఎవరూ జల్లెడ పక్కన నిలబడకూడదు, ఊపు దిమ్మల స్టాపరును తాకుతున్నట్టు చప్పుడైతే వెంటనే ఆపేయాలి. జల్లెడకు ఫోను కట్టేసి గంటలకొద్దీ నడపొద్దు, కెమెరాలో ఉండే చిన్న స్ప్రింగుల యంత్రాంగం పాడయ్యే ప్రమాదం ఉంది.

ఏ దిశలో ఊపు భయంకరంగా ఉందన్నదే సగం రోగనిర్ధారణ. స్టార్టు చేసేటప్పుడు పెద్ద ఊపు వచ్చి, ఆపేటప్పుడు అంతగా లేకపోతే వ్యవస్థ గట్టిపడే రకం. దిమ్మలు, స్టాపర్లు చూడాలి. ఆపేటప్పుడే పెద్ద ఊపు వస్తే మెత్తబడే రకం. పునాది బోల్టులు, బ్రాకెట్లు చూడాలి. వదులైన బోల్టు దగ్గర ఊపు పెరిగేకొద్దీ రెండు లోహాల మధ్య తాకిడి తెగిపోతూ ఉంటుంది, సగటు బిగువు తగ్గుతుంది, శిఖరం తక్కువ వేగం వైపు వంగుతుంది. అందుకే పరీక్షలో రెండు టైములూ సమానంగా పెట్టమన్నాం. మామూలుగా స్విచ్ ఆపి వదిలేస్తే జల్లెడ తాపీగా ఆగుతుంది కాబట్టి, ఏ రకమైనా ఆపేటప్పుడే ఎక్కువ ఊగినట్టు కనిపిస్తుంది, తీర్పు తప్పుతుంది. ఈ ఆపే ఊపును తగ్గించడానికి డ్రైవ్‌లో డీసీ బ్రేకింగ్ (మోటారుకు డీసీ కరెంటు ఇచ్చి ఆపడం) వాడొచ్చు, వేడెక్కకుండా ఎంతసేపన్నది మోటారు తయారీదారు చెప్పిన దానికి లోబడి.

రబ్బరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దిమ్మ బరువుకు ఎంత దిగిందో మిల్లీమీటర్లలో కొలిచి, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే పౌనఃపున్యం వస్తుందన్న సూత్రం ఫిట్టర్లకు బాగా తెలుసు. 10 మిల్లీమీటర్లు దిగితే 5 హెర్ట్జ్. కాయిల్ స్ప్రింగుకు అది బాగానే కుదురుతుంది. రబ్బరు అదిరేటప్పుడు నిలకడగా నొక్కినప్పటి కన్నా గట్టిగా ఉంటుంది కాబట్టి నిజమైన అంకె ఎక్కువే వస్తుంది. పైగా 5 హెర్ట్జ్ దగ్గర 10 మిల్లీమీటర్ల ఊపంటే త్వరణం దాదాపు గురుత్వ త్వరణమంత. బోల్టుతో పట్టి ఉంచని దిమ్మ అయితే పైకి ఊగినప్పుడు యంత్రం దిమ్మను వదిలేసి గాల్లోకి లేస్తుంది, కిందికి వచ్చేటప్పుడు గుద్దుతుంది. అక్కడ ఏ సూత్రమూ పనిచేయదు.

దిమ్మ ఎత్తులో 15 శాతం కన్నా ఎక్కువ దిగి ఉంటే అది చిన్నదన్నమాట, లేదా ముసలిదైంది. తవుడు నూనె సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందుకే తవుడు పడే చోట నైట్రైల్ దిమ్మలు వాడాలి. ఎండకు, వేడికి మరో పక్కది గట్టిపడుతుంది. ఒక మూల మెత్త, ఒక మూల గట్టి అయితే జల్లెడ పైకీ కిందికీ ఊగడం మానేసి మూలలు కొట్టుకుంటూ పొర్లుతుంది, ధాన్యం ఒక పక్కకు జారిపోతుంది. దిమ్మ మారిస్తే నాలుగూ కలిపి, ఒకే బ్యాచ్‌వి మార్చాలి. పాడైనదాన్ని ఒక్కదాన్ని మార్చి డబ్బు మిగిల్చానంటే అది మిగులు కాదు. మార్చాక స్కిప్ పరిధి మళ్లీ కొలవాలి. నిరుడు పెట్టిన అంకెలు ఈ సీజనుకు పనికిరావు.

ధాన్యం తక్కువగా వస్తున్నప్పుడు డ్రైవ్ వేగం తగ్గించి నడిపే అలవాటు కొన్ని మిల్లుల్లో ఉంది. పై ఉదాహరణలో డ్రైవ్ 20 హెర్ట్జ్ దగ్గర నడిస్తే ఫరవాలేదు. 16.5 దగ్గర నడిస్తే యంత్రం రెండు ఊపుల పరిధిలో కూర్చుంటుంది. చిన్న ఊపుతో పొద్దంతా నిశ్శబ్దంగా నడవొచ్చు. ఒక ధాన్యం ముద్ద గుప్పున పడినా, పక్కన లారీ నుంచి బస్తా దబ్బున దిగినా ఆ తోపుకే పెద్ద ఊపులోకి ఎగరొచ్చు. ఎగిరాక బస్తా తీసేసినా తిరిగి రాదు, వేగం మార్చాల్సిందే. కారణం లేకుండా అదిరిందని, రాత్రి నుంచి బాగానే ఉందని ఆపరేటర్లు చెప్పే మాటల్లో ఇలాంటివి కొన్ని ఉంటాయి. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

ఇంకొక చిక్కు మోటారు వైపు నుంచి వస్తుంది. 1902లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ వంగే బల్ల మీద బరువు సమానంగా లేని మోటారును బిగించి చూపించాడు. కరెంటు పెంచుతున్నా అనునాదం దగ్గర వేగం పెరగలేదు. ఇచ్చిన శక్తంతా బల్లను ఊపడానికే పోయింది. ఇంకా పెంచగా వేగం ఒక్కసారిగా ఎగిరింది, ఊపు పడిపోయింది. మిల్లులో దీని గుర్తు ఇలా ఉంటుంది: డ్రైవ్ హెర్ట్జ్ పెరుగుతుంది, ఆంపియర్లు పెరుగుతాయి, ట్యాకోమీటరు మాత్రం 330 దగ్గరే తచ్చాడుతుంది. మోటారుకు సత్తా మిగలని చోట, అంటే ఎక్సెంట్రిక్ బరువులు గరిష్ఠ స్థాయికి తెరిచి పెట్టిన చోట ఇది జరుగుతుంది. బరువులు ఒక మెట్టు తగ్గించాలి, ర్యాంపు వేగం పెంచాలి. ఓవర్‌లోడ్ రిలే సెట్టింగు పెంచేసి గండం గట్టెక్కాలని చూస్తే మోటారు కాలిపోతుంది.

960 దగ్గర నడిచే జల్లెడ 480 దగ్గర కూడా ఊగుతోందని ఫోనులో కనిపిస్తే, అది అదురు కాదు, వదులు. బేరింగు హౌసింగులోనో, బ్రాకెట్టులోనో సందు ఉంది. సగం పౌనఃపున్యం ఊపు బిగువు మారని రేఖీయ వ్యవస్థలో రాదు, ఇచ్చిన పౌనఃపున్యమే దానికి దక్కుతుంది. బీఎస్సీ ఫిజిక్స్ చదివిన వాళ్లు ఇది కళ్లారా చూసే ఉంటారు. మెల్డే ప్రయోగంలో శృతిదండాన్ని తీగకు అడ్డంగా కాక తీగ పొడవునా ఊగేలా తిప్పిపెట్టినప్పుడు, తీగ దండం పౌనఃపున్యంలో సగంతో ఊగుతుంది. రికార్డులో సూత్రం మారుస్తాం, మార్కులు వస్తాయి, ఎందుకు సగమో ఎవరూ అడగరు. దండం తీగను పక్కకు నెట్టడం లేదు, దాని బిగువును పెంచి తగ్గిస్తోంది. తీగ ఒక డోలనంలో రెండుసార్లు చివరలకు వెళ్తుంది కాబట్టి బిగువు రెండుసార్లు మారితేనే లయ కుదురుతుంది. ఊపుతున్న పాత్రలోని ద్రవం మీద అలలు సగం పౌనఃపున్యంతో లేస్తాయని ఫారడే 1831లోనే గమనించాడు. ఇలాంటి ఊపు కొంచెం కొంచెంగా రాదు. అవరోధాన్ని దాటేంత తోపు లేకపోతే అసలు మొదలే కాదు, దాటితే రెట్టింపు మీద రెట్టింపుగా పెరుగుతుంది.

అమెరికాలోని టాకోమా వంతెన గాలితో అనునాదం వల్ల కూలిందని మీ వ్యాసంలో ఉన్న వాక్యాన్ని కూడా సరిచేయాలి. 1940 నవంబరు 7న ఆ వంతెన గాలి తెరల లయ వంతెన లయకు సరిపోయి కూలలేదు. గాలి స్థిరంగానే వీస్తోంది. వంతెన మెలిక తిరగడమే గాలి బలాన్ని మార్చి, ఆ బలం మెలికకు మళ్లీ శక్తినిచ్చింది. తనను తాను ఊపుకున్న డోలనం అది. అనునాదానికి ఉదాహరణ కావాలంటే జల్లెడే చాలు.

మన జిల్లాల ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల ప్రయోగశాలల్లో ఈ ఎగురుడు చూపించడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పన్నెండు అంగుళాల హాక్సా బ్లేడు ఒకటి, అర అంగుళం వెడల్పుది. ఒక కొసను బెంచ్ వైస్‌లో గట్టిగా బిగించి 250 మిల్లీమీటర్లు బయటికి వదలాలి, పళ్లున్న అంచుకు టేపు వేయాలి. రెండో కొసకు రెండు పక్కలా 10 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం అయస్కాంతాలు అతికించాలి. అవి బ్లేడు గుండా ఒకదాన్నొకటి ఆకర్షించుకుని వాటంతటవే నిలుస్తాయి. ఈ అమరిక సహజ పౌనఃపున్యం 6 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. ఊగే దారికి రెండు చివరలా, 40 మిల్లీమీటర్ల దూరంలో మరో రెండు అయస్కాంతాలు స్టాండుకు బిగించాలి, సజాతి ధ్రువాలు ఎదురెదురుగా ఉండేలా. బ్లేడు ఏ పక్కకు వెళ్లినా వెనక్కి తోస్తాయి, వ్యవస్థ గట్టిపడే రకం అవుతుంది. వాటిని తిప్పి విజాతి ధ్రువాలు పెడితే మెత్తబడే రకం. మరీ దగ్గరికి తెస్తే బ్లేడు మధ్యలో నిలబడక ఏదో ఒక పక్కకు వాలిపోతుంది, అది వేరే పాఠం.

ఊపడానికి అంగుళం పీవీసీ పైపు ముక్క మీద 26 గేజి ఎనామెల్ తీగ 200 చుట్లు చుట్టి, ఒక పక్క స్థిర అయస్కాంతం ఆ పైపులో ఉండేలా పెట్టాలి. ల్యాబ్‌లోని ఫంక్షన్ జనరేటరు చాలు, ఆంప్లిఫయరు వద్దు. ఆడియో ఆంప్లిఫయర్లు 6 హెర్ట్జ్ దగ్గర సరిగా పనిచేయవు. తక్కువ వోల్టేజీతో మొదలుపెట్టి, 0.05 హెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గర 20 సెకన్లు ఆగాలి. వెనక మిల్లీమీటరు స్కేలు, ముందు స్లో మోషన్‌లో ఫోను. పైకి వెళ్లిన దారి, కిందికి వచ్చిన దారి ఒకే గ్రాఫు మీద గీస్తే మధ్యలో కిటికీ లాంటి ఖాళీ వస్తుంది.

ప్రయోగం చెడేది మూడు చోట్ల. వైస్ బిగువు చాలకపోతే అవరోధం పెరిగి ఎగురుడు మాయమవుతుంది. మెట్టు పెద్దదైతే బ్లేడు పెద్ద ఊపును అందుకోలేక ముందే జారిపోతుంది, కిటికీ ఇరుకవుతుంది. కొన్ని డిజిటల్ జనరేటర్లు పౌనఃపున్యం మార్చినప్పుడల్లా తరంగాన్ని మొదటి నుంచి ప్రారంభిస్తాయి, ఆ కుదుపుకే బ్లేడు కిందికి పడుతుంది. అలాంటప్పుడు నాబ్ తిప్పే పాత రకమే మేలు. ఫోనును అయస్కాంతాలకు అడుగు దూరంలో ఉంచాలి. జనరేటరు కూడా లేని జూనియర్ కళాశాలలో అయితే బ్లేడును 30 మిల్లీమీటర్లు లాగి వదిలి, స్లో మోషన్‌లో మొదటి పది డోలనాల సమయం, ఊపు బాగా తగ్గాక మరో పది డోలనాల సమయం కొలిస్తే చాలు. రెండూ వేరుగా వస్తాయి.

ఇదే గుణం కరెంటు తీగల్లో ఫెర్రోరెజొనెన్స్ అన్న పేరుతో ఉంది. ఫ్రాన్సులో బెథెనో 1907లో దీన్ని వివరించాడు, పేరు పెట్టింది 1920లో బూషెరో. ఇక్కడ స్ప్రింగు స్థానంలో ట్రాన్స్‌ఫార్మరు ఇనుప కోర్ ఉంటుంది. కోర్ సంతృప్తమైతే, అంటే ఇంకా అయస్కాంతత్వం పట్టలేని స్థితికి వస్తే, దాని ఇండక్టెన్సు పడిపోతుంది. భూగర్భ కేబుల్ కెపాసిటెన్సు దానితో కలిస్తే ఒకే సరఫరాకు రెండు వోల్టేజీలు సాధ్యమవుతాయి, ఒకటి మామూలుది, ఒకటి దానికి రెండు మూడు రెట్లు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాన్ల తర్వాత దీనికి తగిన పరిస్థితి సులువుగా ఏర్పడుతుంది. డెల్టా ప్రైమరీ ఉన్న 11 కేవీ ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు లేకుండా, మూడు ఫేజుల్లో ఒకటో రెండో మాత్రమే మిగిలి, మధ్యలో కేబుల్ ఉంటే చాలు. ఓవర్‌హెడ్ తీగ కన్నా కేబుల్‌కు అదే దూరానికి కెపాసిటెన్సు పదుల రెట్లు ఎక్కువ కాబట్టి, ఊళ్లలో తీగలు తీసి కేబుళ్లు వేస్తున్న కొద్దీ దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

గుర్తు: ఖాళీ ట్రాన్స్‌ఫార్మరు మామూలు గుంయ్‌మనే శబ్దం మానేసి గరగరలాడుతూ అరుస్తుంది, లైట్నింగ్ అరెస్టరు వేడెక్కి పగిలిపోవచ్చు. అదే లైను, అదే ట్రాన్స్‌ఫార్మరు, నిన్న అరవలేదు, ఇవాళ అరుస్తోంది. స్విచ్ వేసిన క్షణంలో వోల్టేజీ ఎక్కడుందన్నదే తేడా. ఫ్యూజులు ఒక్కొక్కటిగా కాకుండా మూడు ఫేజుల ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌తో ఒకేసారి తీయడం, వేయడం చేయాలి. వేసే ముందు మూడు హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులూ ఉన్నాయని చూడాలి. సెకండరీ మీద ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యంలో కొద్ది శాతమైనా రెసిస్టివ్ లోడు, హీటర్లో పాత ఫిలమెంటు బల్బులో, పెట్టి ఛార్జి చేస్తే ఆ పెద్ద వోల్టేజీ నిలబడదు. ఇదంతా లైన్‌మెన్, ఇంజనీర్ల పని. ఊళ్లో వాళ్లు అరుస్తున్న ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్లకుండా విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి, శబ్దం మారిందని, ఏ ఫేజు పోయిందో తెలిస్తే అది కూడా చెప్పాలి.

ఇట్లు,
మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాల అధ్యాపకులు, మిల్లు యంత్రాల నిర్వహణ ఇంజనీర్లు
విజయనగరం